ఎద్దుబండి నీళ్లు, గేదెల కొట్టం: సింగపూర్‌లో ఐదు రోజులు

ఇంటికి వచ్చి వారం కాలేదు. నోట్‌బుక్‌లో గుర్తులు ఇంకా చెదరకముందే రాస్తున్నది ఇది. మెరీనా బే దీపాలు, విమానాశ్రయంలో జలపాతం గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి వాటి జోలికి పోవడం లేదు. ఒకే వీధిని చీనావాళ్లు ఒక పేరుతో, మలయ్‌లు ఇంకో పేరుతో, తమిళులు మరో గుర్తుతో పిలుచుకునే ఊరు సింగపూర్. ఏ పేరు పట్టుకుని తిరిగితే ఆ ఊరే కనిపిస్తుంది. 2020 జనగణన ప్రకారం ఇక్కడి పౌరులు, శాశ్వత నివాసులు కలిపి 40 లక్షల పైచిలుకు. అందులో చీనావాళ్లు నూటికి 74.3, మలయ్‌లు 13.5, భారతీయులు 9 మంది. ఈ అంకెలు గుర్తుంచుకోండి, నాలుగో రోజు పనికొస్తాయి. డాలరంటే అక్కడి డాలరే, నేను వెళ్లిన 2025 సెప్టెంబరులో మన 65–70 రూపాయలు.

సెప్టెంబరు 18, గురువారం: చైనాటౌన్, తెలోక్ ఆయర్

పగోడా స్ట్రీట్‌లో పగోడా కోసం వెతక్కండి. వీధి చివర, సౌత్ బ్రిడ్జ్ రోడ్డు మూల మీద ఉన్నది మారియమ్మన్ కోవెల గోపురం. దాన్నే అప్పటి తెల్లవాళ్లు పగోడా అన్నారు. ఆ గుడికి ఇవతల పగోడా స్ట్రీట్, అవతల టెంపుల్ స్ట్రీట్, ఇంకొంచెం ముందుకు నడిస్తే జామే మసీదు పక్కన మాస్క్ స్ట్రీట్. చైనాటౌన్ నడిబొడ్డున మూడు వీధుల పేర్లూ చీనావాళ్లవి కాని రెండు గుళ్ల వల్లే వచ్చాయి. మసీదు 1826 నాటిది, కట్టించింది కోరమాండల్ తీరం నుంచి వచ్చిన తమిళ ముస్లింలు. కోవెల 1827 నాటిది. కట్టించిన నారాయణ పిళ్లై 1819లో, ఇక్కడ ఆంగ్లేయుల రేవు పెట్టిన రాఫిల్స్‌తో పాటే పినాంగ్ నుంచి ఓడ దిగాడు.

చైనాటౌన్ అనేది బయటివాళ్లు పెట్టిన పేరు. చీనావాళ్లు ఈ పేటను 'న్యూ చ షుయ్' అంటారు, అంటే ఎద్దుబండి నీళ్లు. మలయ్‌లో 'క్రెతా ఆయర్', నీళ్ల బండి. ఆన్ సియాంగ్ గుట్ట దగ్గరి బావుల నుంచి ఎద్దుబండ్ల మీద నీళ్లు తోలుకొచ్చి అమ్మిన చోటు ఇది. కోవెల ప్రహరీ మీద వరసగా ఆవుల బొమ్మలు పడుకుని ఉంటాయి. వాటి కింద నిలబడి ఈ పేరు చెప్పుకుంటే ఎద్దుబండి కళ్లకు కడుతుంది.

కోవెల మధ్యాహ్నం పన్నెండుకి మూసేస్తారు, మళ్లీ సాయంత్రం ఆరుకే. పొద్దున్నే ఇక్కడికి వచ్చి, ఎండెక్కాక తెలోక్ ఆయర్ వీధికి నడవడం మేలు. పది నిమిషాల దారి. 'తెలోక్ ఆయర్' అంటే మలయ్‌లో నీళ్ల అఖాతం. ఇప్పుడు సముద్రం కనిపించదు, 19వ శతాబ్దంలోనే పూడ్చేశారు. అప్పట్లో ఓడ దిగినవాడు ముందుగా అడుగుపెట్టింది ఈ వీధిలోనే. అందుకే హొక్కియెన్ అనే మాండలికం మాట్లాడే చీనావాళ్ల థియన్ హాక్ కెంగ్ (సముద్ర దేవత మాజు గుడి), నాగూరు దర్గా, అల్ అబ్రార్ మసీదు ఒకే వరసలో ఉన్నాయి. ప్రాణాలతో ఒడ్డుకి చేరినవాడు తన దేవుడికి దణ్ణం పెట్టుకున్న చోట్లు ఇవన్నీ. అల్ అబ్రార్‌ని తమిళులు 'కుచ్చు పళ్లి' అనేవారు, మొదట అది పూరిపాక కాబట్టి. దర్గా ముఖభాగం దగ్గరగా చూడండి: కింద రోమన్ స్తంభాలు, పైన చిన్న మినార్లలో మన గవాక్షాల్లాంటి జాలీలు.

తెలుగువాళ్ల కోసం ఒక పక్కదారి. ఇక్కడికి దగ్గర్లోనే, బ్యాంకుల మేడల మధ్య చూలియా స్ట్రీట్ ఉంది. దాని పాత పేరు క్లింగ్ స్ట్రీట్. 'క్లింగ్', 'కెలింగ్' అన్నవి కళింగం నుంచి పుట్టిన మాటలు. మలయ్‌లు తూర్పుతీరం నుంచి వచ్చిన వాళ్లందర్నీ అలాగే పిలిచారు. రాను రాను అది తిట్టయిపోయింది. భారతీయులు అభ్యంతరం చెప్పాక 1920ల్లో పేరు మార్చారు. మన తీరం పేరు ఒక ఊళ్లో వీధికి ఉండటం, తర్వాత దాన్ని మనవాళ్లే తీసేయమనడం, రెండూ ఇక్కడే జరిగాయి.

మధ్యాహ్నం మాక్స్‌వెల్ హాకర్ సెంటర్, అంటే చిన్న తిండి కొట్లన్నీ ఒకే కప్పు కింద ఉన్న చోటు. చికెన్ రైస్ 5 డాలర్లు, కాఫీ డాలరున్నర. బల్ల మీద టిష్యూ పొట్లం పెట్టి ఉంటే ఆ సీటు ఎవరిదో అని అర్థం, దీన్ని 'చోప్' అంటారు. మన బస్సు కిటికీలోంచి తుండుగుడ్డ వేయడం లాంటిదే. తేడా ఏంటంటే ఇక్కడ ఆ పొట్లాన్ని ఎవరూ పక్కకి నెట్టరు. తిన్నాక ట్రే మనమే తీసుకెళ్లి పెట్టాలి. 2021 సెప్టెంబరు నుంచి ఇది చట్టం, మొదటిసారి రాతపూర్వక హెచ్చరిక, రెండోసారికి 300 డాలర్ల జరిమానా. కొత్తవాళ్లు పొరపడేది ఇక్కడ కాదు, తర్వాతి మెట్టులో. ట్రేలు పెట్టే అరలు రెండు రకాలు, ఒకటి హలాల్, ఒకటి మామూలు. పంది మాంసం ఎంగిలి ఉన్న పళ్లెం హలాల్ అరలో పెడితే ఎవరూ అరవరు గానీ, ఊడ్చే పెద్దావిడ నిశ్శబ్దంగా వచ్చి తీసి పక్క అరలో పెడుతుంది. ఆ నిశ్శబ్దం జరిమానా కంటే గట్టిగా తగులుతుంది.

కాఫీ అడగడం నేర్చుకుంటే సగం ఊరు తెలిసినట్టే. 'కోపి' అంటే గట్టి తీపిపాల డబ్బా పోసింది. 'కోపి ఓ' అంటే పాలు లేకుండా, పంచదారతో. 'ఓ' హొక్కియెన్‌లో నలుపు. 'కోపి సీ' అంటే తీపి లేని చిక్కటి డబ్బా పాలు, పంచదార విడిగా కలిపింది. 'కొసోంగ్' మలయ్ మాట, ఖాళీ అని, పంచదార వద్దనడానికి. 'సియు దై' తీపి తక్కువ, 'పెంగ్' ఐసుతో. గింజల్ని పంచదార, వనస్పతి కలిపి వేయిస్తారు, పొడవాటి గుడ్డ సంచిలో వడగడతారు. మన ఫిల్టర్ కాఫీ నాలుక్కి దగ్గరగా వచ్చేది 'కోపి సీ సియు దై'. ఊరికే 'కాఫీ' అంటే పాయసంలాంటి తీపి వస్తుంది, తర్వాత గొణుక్కుని లాభం లేదు. అమ్మే ఆయన్ని 'అంకుల్' అనాలి, ఆవిడైతే 'ఆంటీ'. 'సర్' అంటే వింతగా చూస్తారు.

సెప్టెంబరు 19, శుక్రవారం: కంపోంగ్ గ్లామ్, నిషిద్ధ గుట్ట

కంపోంగ్ గ్లామ్ పేటలోని సుల్తాన్ మసీదుకి శుక్రవారం వెళ్లడం తప్పుడు లెక్క. ఆ రోజు చూడవచ్చేవాళ్లని లోపలికి రానివ్వరు. మిగతా రోజుల్లో పొద్దున పది నుంచి పన్నెండు, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు. అయితే ఈ తప్పు వల్ల ఒక మేలు జరిగింది. లోపలికి పోలేక బయట నిలబడితే తల పైకెత్తి గుమ్మటాన్ని తీరిగ్గా చూస్తాం.

బంగారు రంగు గుమ్మటం అడుగున నల్లటి పట్టీ ఒకటి చుట్టూ తిరుగుతుంది. దూరం నుంచి రంగు అనుకుంటారు. దగ్గరగా, బుస్సోరా వీధి తాటిచెట్ల మధ్య నుంచి జూమ్ చేసి చూస్తే అవి సీసాల అడుగులు, వందలకొద్దీ గాజు సీసాల గుండ్రటి అడుగులు పక్కపక్కన పేర్చినవి. 1920ల్లో మసీదు తిరిగి కట్టేటప్పుడు పెద్ద సొమ్ములు ధనవంతులు ఇచ్చారు. బీదవాళ్లు తమ వంతుగా సీసాలు ఏరి తెచ్చిచ్చారు. నక్షా గీసింది స్వాన్ అండ్ మాక్లారెన్ అనే తెల్లవాళ్ల సంస్థలోని డెనిస్ శాంట్రీ.

ఒంటిగంటకి జుమ్మా. అరబ్ స్ట్రీట్ బట్టల కొట్లలో సగం తలుపులు దగ్గరకేసి ఉంటాయి. ఆ గంటలో ముర్తబాక్ తిందామనుకోవద్దు, రెండు దాటాక వెళ్లండి. ముర్తబాక్ అంటే పలచగా విసిరిన పరోటాలో ఖీమా, గుడ్డు, ఉల్లిపాయ మడిచి కాల్చింది. చిన్నది 8 డాలర్ల దాకా పడింది, ఇద్దరికి సరిపోతుంది.

1822లో రాఫిల్స్ ఊరికి ఒక పటం గీయించాడు. చీనావాళ్లు ఇక్కడ, చూలియాలు (దక్షిణాది నుంచి వచ్చిన తమిళ ముస్లింలు) అక్కడ, తెల్లవాళ్లు నదికి ఉత్తరాన, అరబ్బులు, బూగీలు (సులవేసి ద్వీపపు వర్తకులు), మలయ్ సుల్తాను మనుషులు కంపోంగ్ గ్లామ్‌లో. రెండొందల ఏళ్లయినా పర్యాటకుడి చేతిలోని మ్యాపు ఆ గీతల మీదే నడుస్తోంది. మసీదు వెనక పసుపు రంగు భవనం ఆ సుల్తాను, హుస్సేన్, వంశస్థుల రాజభవనం. ఆ కుటుంబాలు 1999 దాకా అందులోనే ఉన్నాయి.

సాయంత్రం ఫోర్ట్ కానింగ్. మలయ్‌లు దీన్ని 'బుకిత్ లరాంగన్' అనేవారు, నిషిద్ధ గుట్ట. పాత రాజులు ఇక్కడ ఉన్నారని, వాళ్ల సమాధులున్నాయని మామూలు జనం ఎక్కేవారు కాదు. రాఫిల్స్ సరిగ్గా దాని మీదే బంగళా కట్టుకున్నాడు. 1928లో తవ్వుతుంటే పూర్వకాలపు బంగారు నగలు దొరికాయి. ఆ పాత రాజుల్లో ఒకడైన ఇస్కందర్ షా పేరుతో ఒక కెరామత్ అనే సమాధి మండపం ఉంది. అక్కడ చెప్పులు విప్పి నిలబడేవాళ్లూ ఉన్నారు, దాని ముందే యోగా చాపలు మోసుకెళ్లేవాళ్లూ ఉన్నారు. కిందికి దిగి నది ఒడ్డుకి వస్తే రాఫిల్స్ తెల్ల విగ్రహం. 2019లో, ఆయన వచ్చి రెండొందల ఏళ్లయిన సందర్భంగా, ఈ విగ్రహం వెనక మేడల్లో కలిసిపోయి మాయమైనట్టు కనిపించేలా రంగు వేశారు. తర్వాత పక్కన మరో నలుగురి విగ్రహాలు నిలబెట్టారు. అందులో నిన్నటి కోవెల కట్టించిన నారాయణ పిళ్లై ఒకడు. ఇప్పుడు రాఫిల్స్‌ని రంగు కడిగి నిలబెట్టారు. 

సెప్టెంబరు 20, శనివారం: సెరంగూన్ రోడ్డు

ఇది లిటిల్ ఇండియా పేట. తమిళుల పెరటాసి మాసం మొదటి శనివారం. చిత్తూరు, తిరుపతి వైపు వాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. శ్రీనివాస పెరుమాళ్ కోవెలలో వరస పొద్దున్నే బయటికి వచ్చేసింది. గుడి 1855 నాటిది, అప్పట్లో నరసింహ పెరుమాళ్ కోవెల. వరసలో తమిళం, తెలుగు, కన్నడం, మధ్యలో ఆంగ్లం వినిపిస్తాయి. ఈ గుడికి ఇంకో పని కూడా ఉంది. తైపూసం కావడి ఊరేగింపు, అగ్నిగుండం తొక్కేవాళ్ల నడక రెండూ ఇక్కడినుంచే బయల్దేరతాయి. రెండోది నాలుగు కిలోమీటర్లు నడిచి గురువారం చూసిన మారియమ్మన్ కోవెలకి చేరుతుంది. చీనావాళ్ల మ్యాపులో ఈ రెండు పేటలకి సంబంధం లేదు. తమిళుల మ్యాపులో అవి ఒకే దారికి రెండు కొసలు.

కాలినడకన తెక్కా సెంటర్ వైపు వస్తే దారి తప్పడం ఖాయం. బఫెలో రోడ్డులో కలుద్దామనుకుంటే కెర్బౌ రోడ్డులో తేలతాం. 'కెర్బౌ' అన్నా గేదే. పక్కపక్క వీధులు, ఒకటి ఆంగ్లపు గేదె, ఒకటి మలయ్ గేదె. కాస్త అవతల లెంబు రోడ్డు, లెంబు అంటే ఆవు. ఈ పేట మొత్తం ఒకప్పుడు పశువుల వ్యాపారం. ఊళ్లో పెద్ద ప్రసూతి ఆసుపత్రిని అందరూ 'కేకే' అంటారు. పూర్తి పేరు కందాంగ్ కెర్బౌ, గేదెల కొట్టం. దేశంలో ఒక తరం మొత్తం పుట్టింది అక్కడే, ఆ పేరుకి ఎవరూ సిగ్గుపడరు.

తెక్కా అన్నది హొక్కియెన్ మాట, చిన్న వెదురు పొదల మొదలు అని. 1980ల్లో మాండరిన్ (ప్రామాణిక చీనా భాష) ఉచ్చారణ వాడాలనే పట్టుదలతో మార్కెట్‌కి 'జుజియావ్' అని పేరు పెట్టారు. అక్షరాలు అవే, పలకడం వేరు. కూరగాయలమ్మే తమిళుడికి, కొనే మలయ్ అమ్మకి, హొక్కియెన్ మాట్లాడే ముసలాయనకి ఎవరికీ నోరు తిరగలేదు. 2000లో తెక్కా పేరే తిరిగొచ్చింది. హొక్కియెన్ పేరు కోసం భారతీయుల బజారు పట్టుబట్టి నెగ్గినట్టయింది.

భోజనం రేస్‌కోర్స్ రోడ్డులో, చేపతల కూర. చేపతల తినడం చీనావాళ్ల ఇష్టం; దాన్ని కొబ్బరిపాలు, చింతపండు, బెండకాయలతో పులుసు పెట్టింది 1950లకి కాస్త ముందు, కేరళ నుంచి వచ్చిన ఒక హోటలాయన. ఇండియాలో ఎవరూ దీన్ని ఇండియా వంట అనరు, ఇక్కడ అందరూ అదే అంటారు. నెల్లూరు పులుసు నాలుకతో వెళ్తే చింతపండు తక్కువ, తీపి ఎక్కువ. బుగ్గ దగ్గరి మాంసం మాత్రం వదలొద్దు.

శాకాహారులకి రెండు మాటలు. చీనా శాకాహారం కొట్లలో ఉల్లి, వెల్లుల్లి ఉండవు, బౌద్ధుల నియమం. కాని పళ్లెంలో చేప ఆకారం, పంది వేపుడు రంగు కనిపిస్తాయి. అవి గోధుమ జిగురుతో, సోయాతో చేసినవి. కంగారు పడక్కర్లేదు, నాలుగు డాలర్లకి సేమ్యా పళ్లెం నిండుగా వస్తుంది. అసలు ప్రమాదం మాంసం కనపడని చోట. లక్సా (కొబ్బరిపాల నూడుల్స్) పులుసులో ఎండు రొయ్యలు, తోటకూరలాంటి కాంగ్‌కాంగ్ వేపుడులో రొయ్యల ముద్ద, నాసి లెమాక్ (కొబ్బరిపాల అన్నం) కారంలో ఎండు మెత్తళ్లు. 'మాంసం వద్దు' అంటే అవి తీయరు, ఎందుకంటే అక్కడ వాటిని మాంసంగా లెక్కపెట్టరు.

గుడి వరసలో తెలుగు వినిపించింది గాని గోడల మీద కనిపించదు. అధికార భాషలు నాలుగు: మలయ్, ఆంగ్లం, మాండరిన్, తమిళం. బడిలో మాతృభాష పాఠంగా తమిళం కాకుండా బెంగాలీ, గుజరాతీ, హిందీ, పంజాబీ, ఉర్దూ తీసుకోవచ్చు. తెలుగు ఆ జాబితాలో లేదు. తెలుగింటి పిల్లవాడు 'మాతృభాష' పరీక్షలో హిందీయో తమిళమో రాస్తాడు. అక్కడ స్థిరపడ్డ తెలుగువాళ్లు దీని గురించి అడిగితే ఫిర్యాదు చేయరు, నవ్వి ఊరుకుంటారు. ఆ నవ్వు అర్థం కావాలంటే మనం హైదరాబాదులో లంబాడీ పిల్లవాడి పుస్తకాల సంచి చూడాలి.

సెప్టెంబరు 21, ఆదివారం: తోవా పయో, లెంబు రోడ్డు

ఆ రోజు మనకి మహాలయ అమావాస్య. చీనావాళ్లకి ఏడో నెల చివరి రోజు. ఏడో నెలంతా పితృదేవతలు, దిక్కులేని ఆత్మలు ఆకలితో భూమ్మీద తిరుగుతాయని నమ్మకం. 2025లో వాళ్లకి ఆరో నెల రెండుసార్లు వచ్చింది, మన అధిక మాసం లాగే. దాంతో వాళ్ల ఏడో నెల వచ్చి సరిగ్గా మన భాద్రపదం మీద పడింది. వాళ్లూ ఈ నెలలో పెళ్లిళ్లు పెట్టుకోరు, ఇళ్లు కొనరు. మనం మహాలయ పక్షంలో ఎందుకు ఆగుతామో వాళ్లూ అందుకే.

'తోవా' హొక్కియెన్‌లో పెద్ద, 'పయో' మలయ్‌లో చిత్తడి నేల. హెచ్‌డీబీ అనే ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ 1960ల్లో మొదటి నుంచి చివరిదాకా తానే కట్టిన పట్టణం ఇది. దేశ జనంలో నూటికి ఎనభై మంది దాకా ఇలాంటి ఫ్లాట్లలోనే ఉంటారు. చాలా బ్లాకుల్లో అడుగు అంతస్తు ఖాళీగా వదిలేస్తారు, 'వాయిడ్ డెక్' అంటారు. శనాదివారాలు అక్కడ మలయ్ పెళ్లి పందిరి వేస్తారు. అదే చోట ఇంకో వారం చీనా ఇంటి శవం ఉంటుంది, మూడో అయిదో ఏడో రోజులు, ఎప్పుడూ బేసి సంఖ్యే. పందిరి దూరం నుంచి చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి. రంగు చూడాలి: పసుపు, ఊదా, బంగారు తోరణాలైతే పెళ్లి, తెలుపు, నీలం, నలుపు అయితే చావు. తప్పుగా అనుకుని నవ్వుతూ దగ్గరికి వెళ్లకండి.

ఫ్లాటు అమ్మేటప్పుడు మొదట చెప్పిన అంకెలు పని చేస్తాయి. 1989 నుంచి ప్రతి బ్లాకులో జాతుల వాటా ఇంతకు మించకూడదని నియమం. చీనావాళ్లు బ్లాకుకి 87 శాతం, మలయ్‌లు 25, భారతీయులు, ఇతరులు కలిపి 15. పేట మొత్తానికి ఇంకాస్త తక్కువ: 84, 22, 12. పేటలు వేరుపడిపోకుండా పెట్టిన నియమమిది, రాఫిల్స్ పటానికి తిరగబడ్డ పటం. చిక్కు ఇక్కడ: చీనావాళ్ల వాటా నిండిన బ్లాకులో మలయ్ ఆయన ఫ్లాటు అమ్మాలంటే చీనావాళ్లకి అమ్మలేడు. కొనేవాళ్లు తగ్గుతారు, ధర తగ్గుతుంది. అదే బ్లాకులో పక్కింటి చీనా ఆయనకి ఆ చిక్కు లేదు. నియమం అందరికీ ఒకటే, భారం పడేది చిన్న సంఖ్య మీద.

సాయంత్రానికి బ్లాకుల మధ్య గడ్డిలో ఇనప డ్రమ్ముల్లో కాగితాలు కాలుతున్నాయి. నకిలీ నోట్లు, కాగితం చొక్కాలు, కాగితం ఫోన్లు. పక్కనే అరటిపండ్లు, అన్నం, ఎర్ర కొవ్వొత్తులు. ఎవరో ముసలావిడ బియ్యం గుప్పెడు చుట్టూ చల్లింది. మన ఇంట్లో నువ్వులు, నీళ్లు వదిలే చేతి కదలికే అది. బూడిదని దాటొద్దు, తొక్కొద్దు. పక్క మైదానంలో 'గెతాయ్' అనే పాటల వేదిక ఉంటే ముందు వరస కుర్చీలు ఖాళీగా కనిపిస్తాయి. మంచి సీటు దొరికిందని కూర్చోకండి, అవి వచ్చినవాళ్ల కోసం. ఏ వచ్చినవాళ్లో చెప్పక్కర్లేదు కదా.

ఆదివారానికి ఈ ఊరికి వేరే పటాలు ఉన్నాయి. సెలవు దొరికిన ఫిలిప్పీన్స్ పనిమనుషులు ఆర్చర్డ్ రోడ్డు లక్కీ ప్లాజాకి, బర్మావాళ్లు పెనిన్సులా ప్లాజాకి, ఇండోనేషియా ఆడవాళ్లు సిటీ ప్లాజాకి. బంగ్లాదేశ్ కూలీలు లెంబు రోడ్డు ఖాళీ స్థలానికి, తమిళులు, తెలుగువాళ్లు తెక్కాకి. శనివారం పొద్దున్నుంచి సోమవారం పొద్దున దాకా ఈ లిటిల్ ఇండియా వీధుల్లో మందు తాగడం నేరం. 2013 డిసెంబరులో ఇక్కడ జరిగిన అల్లర్ల తర్వాత 2015లో వచ్చిన చట్టం అది. కాబట్టి సీసా బదులు కొబ్బరిబొండాం, పేపరు మీద కూర్చుని వీడియో కాల్. పచ్చగడ్డి మీద కూర్చున్న గుంపు నుంచి శ్రీకాకుళం యాస వినిపించింది. ఓడల మరమ్మతు యార్డులో వెల్డింగు పని. ఊరెలా ఉందని అడిగితే, "ఊరేటుంది బాబూ, డార్మెట్రీ, యార్డు, ఆదోరం తెక్కా. మిగతాది బస్సులోంచి సూడ్డమే" అన్నాడు. చూలియా స్ట్రీట్ ఎప్పుడైనా చూశావా అని అడగాలనిపించింది, అడగలేదు. ఈ ఊరి లెక్కల్లో ఆయన కళింగం కాదు, తెలుగు కాదు, 'ఇండియన్'.

సెప్టెంబరు 22, సోమవారం: సన్‌టెక్ ఫౌంటెన్

విమానానికి ముందు రెండు గంటలు. సన్‌టెక్ సిటీలో అయిదు మేడలు ఎడమ చేతి వేళ్లలా నిలబడేలా ఫెంగ్ షుయ్ చూసి కట్టారు, అరచేతిలో కంచు ఫౌంటెన్. 1995 నాటిది. మామూలు ఫౌంటెన్‌లో నీళ్లు బయటికి చిమ్ముతాయి. ఇక్కడ పైనున్న పెద్ద కంచు వలయం నుంచి లోపలికి పడతాయి. నీళ్లంటే డబ్బు, అది బయటికి పోకూడదు. మన వాస్తు సిద్ధాంతి ఈశాన్యం మూల నీళ్లు ఉన్నాయా అని చూసే చూపుకి ఇది కొత్తగా అనిపించదు.

పెద్ద ధారలు ఆపినప్పుడు మధ్యకి వెళ్లనిస్తారు. అక్కడ చిన్న ధార ఒకటి ఉంటుంది. కుడిచేయి నీళ్లలో పెట్టి మూడుసార్లు చుట్టూ తిరగాలి. కుడిచేయి లోపలివైపు ఉండాలంటే ఎటు తిరుగుతామో చేసి చూడండి. చుట్టూ ఉన్నవాళ్లలో చీనా కుటుంబాలు, కొరియా పర్యాటకులు, మెడలో ఆఫీసు కార్డుతో ఒక మలయ్ అమ్మాయి. అందరూ ప్రదక్షిణ దిక్కునే తిరుగుతున్నారు. ఒక్క మన ఆసామి మాత్రం కుడిచేతిలో ఫోన్ పట్టుకుని, ఎడమచేయి నీళ్లలో పెట్టి, అందరికీ ఎదురు నడుస్తున్నాడు.